ఎడమకి లాగే కారు

రోజూ పొద్దున ఆవిడ ముందు కారుని లేపేది, తర్వాత మొగుణ్ణి. ఇద్దరిలోనూ మొగుడే నయం, రెండు పిలుపులకి లేచేవాడు. కారు అలా కాదు. చోకు లాగి తాళం తిప్పితే దగ్గేది, గుర్రుమనేది, ఆగిపోయేది. కాసేపు ఊరుకుని, బానెట్ మీద చెయ్యేసి నాలుగు మంచి మాటలు చెప్పి మళ్ళీ తిప్పితే అప్పుడు ఒళ్ళంతా కుదుపుకుని అందుకునేది. అందుకోగానే వెనకనుంచి నీలంగా పొగ ఎగజిమ్మేది. పక్కింటావిడ ఆ చప్పుడు వినగానే ఆరేసిన బట్టలు లాక్కుని లోపలికి పరిగెత్తేది. నోరు తెరిచి ఏమీ అనేది కాదు గానీ, వెళ్తూ వెళ్తూ ఇటు చూసే చూపులోనే అన్నీ ఉండేవి.

ఆ తర్వాత ఆవిడ వెళ్ళి కళ్ళజోళ్ళ షాపు తెరిచేది. షాపు నాన్నది, కారూ నాన్నదే. నాన్న పోయి ఏడాది కాలేదు. వచ్చినవాళ్ళ కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, ఇది బావుందా ఇందాకటిది బావుందా అని అడుగుతూనే, ధ్యాసంతా బయట నిలబెట్టిన కారు మీద పెట్టేది. సాయంత్రానికి అది మళ్ళీ లేస్తుందో లేదో అని దిగులు. ఒకసారి ఆ దిగుల్లో పడి, దూరపు చూపు లేనాయనకి దగ్గర చూపు అద్దాలు బిగించి పంపింది. ఆయన గుమ్మం దాటకుండానే తలుపుకి కొట్టుకుని వెనక్కొచ్చాడు.

ఒక కారు గురించి అంత బెంగ ఎందుకో తెలియాలంటే ఆ ఊళ్ళో కార్ల సంగతి కొంచెం చెప్పాలి. కొత్తలో అవి ఎటు తిప్పితే అటు వెళ్తాయి. వయసు మీద పడేకొద్దీ మొండికేస్తాయి. తిరిగిన దారులు గుర్తుపెట్టుకుంటాయి, తిరగని దారి మొదట్లోనే ఇంజను ఆపేసి కూర్చుంటాయి. స్టీరింగు మీంచి చేతులు తీస్తే, సాయంత్రం ఇంటికి మళ్ళే గేదెల్లా తెలిసిన వైపు తమంతట తామే పోతాయి. ఒక ప్లీడరు పాత కారు కొంటే అది కోర్టుకి వెళ్తూ వెళ్తూ రోజూ ఒక డాన్సు టీచరు గుమ్మం ముందు ఆగేది. కారు అమ్మినాయన భార్యకి ఆ కబురు చేరి, ఇంట్లో చాలాకాలం పొయ్యి వెలగలేదు. అప్పట్నుంచీ పెద్దమనుషులు కార్లు అమ్మేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించుకునేవారు. అంతకుమించి దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేది లేదు.

ఆవిడకి ఒక తమ్ముడు. వాడికి చిన్నప్పట్నుంచీ రొట్టెల పిచ్చి, పిండి కనిపిస్తే చేతులు ఊరుకునేవి కావు. నాన్నేమో షాపు బోర్డు మీద తన పేరు కింద వాడి పేరు కూడా రాయించి పెట్టాడు. బేకరీ పెట్టుకుంటానని వాడు అన్న రోజున మాటా మాటా పెరిగింది. నా షాపులో కూర్చోనివాడు నా ఇంట్లోనూ కూర్చోనక్కర్లేదన్నాడు నాన్న. అయితే తీసుకెళ్ళి ఎక్కడో అక్కడ దింపెయ్ అన్నాడు తమ్ముడు. ఇద్దరూ ఒక్క అచ్చులో పోసిన మనుషులు, ఎవరూ తగ్గలేదు. నాన్న వాణ్ణీ వాడి పెట్టెనీ కారెక్కించుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. కుడి అరచెయ్యి కాలి బొబ్బలెక్కి ఉంది. దారిలో నీళ్ళు మరిగిపోతే రేడియేటర్ మూత వట్టి చేత్తో తీశాడట.

ఎక్కడ దింపావని ఆవిడ ఆ రోజు అడిగింది, మర్నాడు అడిగింది, ఏళ్ళ తరబడి అడిగింది. నాన్న చేతిలో పేపరు ఇంకాస్త పైకెత్తేవాడు. ఆయన నోరు తెరిపించగల మనిషి అమ్మ ఒక్కతే, అమ్మ అప్పటికే లేదు. వాడి దగ్గర్నుంచీ ఒక్క కబురు రాలేదు. చివరికి నాన్న షాపులో కుర్చీలో కూర్చుని ఎవరివో అద్దాలు తుడుస్తూ తుడుస్తూ పోయాడు. ఆవిడ ఏడ్చింది. ఏడుపులో సగం నాన్న పోయినందుకు, సగం చెప్పకుండా పోయినందుకు. పెదవి దాటి ఎవరితోనూ అనలేదు గానీ ఆయన మీద కోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

బతికుండగా నాన్న స్టీరింగు ఎవరికీ ఇవ్వలేదు. పోయాక కొన్ని నెలలు కదలకుండా పడి ఉండి తుప్పు పట్టాక అది ఆవిడ చేతికొచ్చింది. వచ్చిన కొత్తలో ఒకరోజు ఊరి చివర మూడు దారుల కూడలి దగ్గర, కళ్ళజోడు తుడుచుకుందామని స్టీరింగు మీంచి చేతులు తీసింది. కారు ఎడమకి తిరిగింది. ఎడమవైపు వాళ్ళకి చుట్టాలు లేరు, పని లేదు, సరుకు తెచ్చేది కూడా కుడివైపు పెద్ద ఊరినుంచి. ఎడమకి నాన్న వెళ్ళాల్సిన అవసరం ఆవిడకి తెలిసి ఒక్కటే, తమ్ముణ్ణి దింపడం. అలాగే పోనిచ్చింది. కొంత దూరం పోయాక కొండ ఎక్కుడు మొదలైంది. సగం ఎక్కేసరికి రేడియేటర్ బుసకొట్టి, ఇంజను నిలబడిపోయింది. మర్నాడూ అంతే, ఆ పైవారమూ అంతే. కొండకి అవతల ఎన్ని ఊళ్ళో, ఎన్ని వీధులో. ఎక్కడని వెతుకుతుంది? వాణ్ణి దింపిన చోటు ఈ భూమ్మీద తెలిసింది ఆ కారు ఒక్కదానికే. ఆ కారేమో నేడో రేపో అన్నట్టుంది.

కార్లు బాగుచేసే నట్టు మేస్త్రికి నాన్న వయసే ఉంటుంది. ఆలోచించేటప్పుడు నోట్లో ఒక నట్టు వేసుకుని చప్పరిస్తాడు కాబట్టి ఆ పేరు. ఆ కారుని మొదట్నుంచీ ఆయనే చూశాడు. బానెట్ ఎత్తి, ఇంజను మీద స్క్రూడ్రైవర్ ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాడు. రింగులు అరిగిపోయి నూనె మండుతోందనీ, బేరింగులు గలగలలాడుతున్నాయనీ, నీళ్ళ పంపు తిరుగుతున్నట్టు నటిస్తోందనీ, విప్పకపోతే ఇక లాభం లేదనీ చెప్పాడు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. దొరికేది బయటి సామాను, అంటే ఎవరెవరో చిన్న ఫ్యాక్టరీలవాళ్ళు కొలతలు చూసుకుని తయారుచేసి అమ్మేది. వేరే పాత కార్లలోంచి ఊడదీసిన సామాను ఆయన ముట్టుకోడు. వాటి దారులు కూడా వెంట వచ్చేస్తాయి.

"మరి మారిస్తే దారి పోదా?" అని అడిగింది ఆవిడ.

మేస్త్రి నట్టుని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చాడు. "కొత్త ముక్క ఎక్కడికీ వెళ్ళి ఉండదమ్మాయ్. పాత ముక్క తీసేస్తే దానికి తెలిసింది దానితోనే పోతుంది. రోజూ తిరిగే దారైతే ఇంజనంతా పట్టేసి ఉంటుంది, ఎన్ని మార్చినా బెంగలేదు. ఒక్కసారి వెళ్ళిన దారి మాత్రం ఏదో ఒక్క ముక్కలోనే ఉంటుంది."

"ఏ ముక్కలో?"

"అది విప్పి చూస్తే కనపడేది కాదు."

ఆ రోజు ఆవిడకి అన్నం సయించలేదు. మార్చకపోతే కారు కొండ ఎక్కదు, మారిస్తే తమ్ముడి దారి ఏ ముక్కతో పాటు చెత్తబుట్టలో పడుతుందో తెలీదు. కొన్నాళ్ళు అలాగే తిప్పుకుందామా అంటే, ఏదో ఒక పొద్దున అది అసలు లేవకపోవచ్చు. మొగుడు ఊరడించాలని చూశాడు. కారుకి అన్నీ గుర్తుండటం మంచిది కాదనీ, తన చిన్నప్పటి సైకిలుకే నోరుంటే తనకి పెళ్ళయ్యేది కాదనీ అన్నాడు. ఆవిడ నవ్వకపోయేసరికి కంచం తీసి కడిగేశాడు.

చివరికి ఒక్కొక్క ముక్కే మార్చాలనీ, మార్చిన ప్రతిసారీ కూడలి దాకా వెళ్ళి చూడాలనీ ఆవిడ పట్టుబట్టింది. మేస్త్రికి ఒళ్ళు మండింది. ఇంజను విప్పడమంటే డబ్బా మూత తీసి పెట్టడం కాదనీ, తీసిన గాస్కెట్ మళ్ళీ పనికిరాదనీ, ఇలా చేస్తే ఈ కారుతో పాటు తనూ షెడ్డుకి చేరతాననీ గొణిగాడు. గొణుగుతూనే స్పానర్ల గుడ్డ పరిచాడు.

ముందు కార్బురేటర్ మార్చారు. కొత్తది మెరుస్తూ ఉంది గానీ దాని బోల్టు చిల్లులు పాతదానికంటే వెంట్రుకవాసి ఎడంగా ఉన్నాయి. మేస్త్రి కూర్చుని ఆకురాయితో చిల్లుని గీరి గీరి సరిచేశాడు. గీరుతున్నంతసేపూ దాన్ని పోతపోసినవాడి వంశాన్ని తలుచుకున్నాడు. కూడలి దగ్గర ఆవిడ చేతులు పైకెత్తి కళ్ళు మూసుకుంది. కారు ఎడమకి తిరిగింది. కానీ మర్నాడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఆ సందు మొదట్లోనే ఆగిపోయింది. ఆ సందుకి వాళ్ళు ఒక్కసారే వెళ్ళారు. ముక్క పోతే దారి పోవడం ఇలా ఉంటుందన్నమాట అనుకుంది ఆవిడ. పన్ను నొప్పి కూడా మర్చిపోయింది.

హెడ్ గాస్కెట్ మార్చాక ఫోటో స్టూడియో పోయింది. పిస్టన్లూ రింగులూ మార్చాక పెద్దమ్మ వాళ్ళ పాత ఇల్లు పోయింది. కొత్త పిస్టన్లు కొంచెం లావు కాబట్టి సిలిండర్లని లేత్ దగ్గరికి తీసుకెళ్ళి సాపు చేయించాల్సి వచ్చింది. ఆ పని అవుతున్నంతసేపూ ఆవిడ లేత్ షెడ్డు బయట ఎండలో నిలబడే ఉంది. రాలుతున్న ఇనప పొట్టులో తమ్ముడున్నాడేమో అనిపించింది. బేరింగులు మార్చాక నదీ తీరం పోయింది. చిన్నప్పుడు అమ్మతో కలిసి అందరూ ఒకే ఒక్కసారి వెళ్ళిన చోటు అది. ఆ రోజు ఆవిడ షాపు మూసేసి ఇంటికొచ్చి పడుకుంది. కూడలి దగ్గర మాత్రం కారు ప్రతిసారీ ఎడమకే లాగింది. ప్రతిసారీ ఆవిడ గండం గడిచిందనుకుంది. వెంటనే ఇంకో గండం ఉందని గుర్తొచ్చేది.

మిగిలింది నీళ్ళ పంపు.

ఆవిడ దాని దగ్గర అడ్డం తిరిగింది. ఒక్కో ముక్క తీసేసినా దారి పోలేదంటే అది మిగిలిన దాంట్లోనే ఉండాలి కదా? తమ్ముణ్ణి దింపిన రోజు మరిగింది ఆ పంపే, నాన్న చెయ్యి కాలింది దాని నీళ్ళతోనే. మేస్త్రి కూడా కాదనలేకపోయాడు. బాగా వేడెక్కిన చోటే దారి అంటుకుంటుందని ఆయన చిన్నప్పట్నుంచీ వింటున్నాడు, దింపొచ్చిన మర్నాడు ఆ పంపుకి బుష్ వేసి బాగుచేసింది కూడా ఆయనే. దాన్ని ముట్టుకోవద్దని ఆవిడ చెప్పేసింది. మిగతా అంతా కొత్తదే కాబట్టి ఈసారి కొండ ఎక్కేస్తుందని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఎక్కలేదు. ఇంజను కొత్త బలంతో బాగానే లాగింది, మునుపటికంటే ఇంకొంచెం పైకే వెళ్ళింది. బలం పెరిగింది కాబట్టి వేడీ పెరిగింది. కొండ నెత్తి కనిపిస్తుండగా వేడి చూపే ముల్లు ఎర్ర గీతలోకి పోయి, బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది. ఇంజను బిగుసుకుపోకముందే ఆవిడ తాళం తిప్పేసింది కాబట్టి సరిపోయింది. ఇంకాస్త మొండికేసి ఉంటే అన్ని రోజుల పనీ అక్కడే కరిగిపోయేది. మేస్త్రి వచ్చి చూసి మొదటిసారి గొంతు పెంచాడు.

"ఈ పంపుతో ఇది ఎప్పటికీ కొండ దాటదు. దారి తెలిసిన కారు ఇంట్లో ఉండి నువ్వేం చేసుకుంటావు?"

ఆవిడ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. తర్వాత మార్చెయ్యమంది. అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, వెనక్కి తీసుకుంటానేమోనని.

కొత్త పంపు ఇరుసు పాతదానికంటే కొంచెం పొడుగు. అలాగే బిగిస్తే ఫ్యాను రెక్క రేడియేటర్‌కి తగులుతుంది. మేస్త్రి ఒక రేకు వాషరు కోసి వెనక పెట్టి రేడియేటర్‌ని ముందుకి జరిపాడు. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. ఆవిడ పక్కనే నిలబడి పాత పంపుని ఒళ్ళో బిడ్డలా పట్టుకుంది. చీరంతా గ్రీజు అయింది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తావని మేస్త్రి అడగలేదు.

కూడలి దాకా ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ చేతులు స్టీరింగుకి అతుక్కుపోయినట్టున్నాయి. తియ్యి అన్నాడు మేస్త్రి. తీసింది. కారు నెమ్మదించింది, కొంచెం ముందుకి పాకింది. కారు ఎడమకి తిరిగింది. తడబాటు లేదు, ఇంటి గుమ్మంలోకి తిరిగినంత మామూలుగా తిరిగింది.

ఆవిడ ఏడుస్తూ నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. నోట్లోంచి నట్టు తీసి అరచేతిలో పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చున్నాడు. "ఒక్కసారి వెళ్ళిన దారైతే ఈపాటికి పోయుండాలే," అన్నాడు కాసేపటికి. ఆవిడ ఆ మాట విన్నది గానీ దాని సంగతి ఆలోచించే స్థితిలో లేదు.

కొత్త సామాను ఒకదానికొకటి అలవాటు పడేదాకా బరువు వెయ్యకూడదనీ, తొందరపెట్టకూడదనీ మేస్త్రి చెప్పడంతో మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. నా బరువు మీద ఇన్నాళ్ళకి ఒకరు మాట అన్నారని నిష్ఠూరమాడి, నీళ్ళ డబ్బా వెనక సీట్లో పెట్టాడు. తర్వాత నేను కూడా వస్తానని తమ్ముడితో చెప్పు అన్నాడు. ఆవిడ ఒక్కతే బయల్దేరింది.

కొండ మీద సైకిళ్ళు కూడా ఆవిణ్ణి దాటిపోయాయి. ఆవిడ కళ్ళు దారి మీద కంటే ముల్లు మీదే ఎక్కువున్నాయి. ముల్లు సగానికి వచ్చి నిలబడింది. నెత్తి దాటాక అవతల లోయ, లోయలో ఊరు, ఊరు తర్వాత ఇంకో ఊరు. ప్రతి మలుపులోనూ ఆవిడ చేతులు వదిలేది, ప్రతి మలుపులోనూ ఇక్కడ మర్చిపోతుందేమోనని భయపడేది. వాడు అక్కడ దిగి ఇంకెక్కడికో వెళ్ళిపోయి ఉంటాడన్న ఆలోచన అప్పుడు మొదటిసారి వచ్చింది. రోడ్డు మీద దింపితే రోడ్డు మీదే ఉంటాడా ఎవడైనా? ఇన్నాళ్ళూ దారి పోతుందని భయపడింది గానీ దారి చివర ఎవరూ లేకపోతే ఎలాగో అనుకోలేదు. వెనక్కి తిరగాలనిపించింది. కారు మాత్రం తన పాటికి తను పోతూనే ఉంది.

ఒక పెద్ద ఊళ్ళో, ఇరుకు వీధిలోకి తిరిగి, తాళంచెవులు చేసేవాడి బడ్డీ పక్కన గోడవారగా ఆగింది. అక్కడ నేల మీద టైర్ల వెడల్పున రెండు గుంటలు పడి ఉన్నాయి. చక్రాలు సరిగ్గా వాటిలోకి దిగాయి.

బడ్డీ అతను చేతిలో పని వదిలేసి వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు. ఆవిణ్ణి చూసి తెల్లబోయాడు.

"పెద్దాయన రాలేదామ్మా? చాన్నాళ్ళైంది."

ఆవిడకి అర్థం కాలేదు. ఏ పెద్దాయన అని అడిగింది. అతను చెప్పాడు. నెలకోసారి వచ్చేవాడట. దిగేవాడు కాదట. అద్దం దించుకుని అవతలి వైపు చూస్తూ కూర్చునేవాడట. వెళ్ళేముందు ఇతన్ని పంపి ఎదురుగా ఉన్న షాపులోంచి ఒక రొట్టె తెప్పించుకుని, కార్లోనే మొత్తం తినేసి, బట్టల మీద పొడి కూడా దులుపుకుని వెళ్ళేవాడట. ఏళ్ళ తరబడి అంతేనట.

నెలకోసారి. అద్దాల సరుకు తెస్తానని నాన్న పొద్దున్నే బయల్దేరే రోజు. ఆవిడ స్టీరింగు మీద నుదురు ఆనించింది. ఇంజనంతా మార్చినా పోని దారి ఇది. ఒక్కసారి వెళ్ళిన దారని ఎంత భయపడిందో, ఆయన మీద ఎంత కోపం పెంచుకుందో తలుచుకుంది. నాన్నా, ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది, అని పైకే అనేసింది.

తల ఎత్తి అవతలికి చూసింది. బేకరీ. గుమ్మం ముందు ఒక మెట్టు. అక్కడిదాకా పోనిద్దామని తాళం తిప్పి, స్టీరింగు అటు తిప్పింది. ఇంజను ఠక్కున ఆగిపోయింది. ఆ నాలుగు బారల దారి దానికి తెలీదు.

ఆ చప్పుడుకి కాబోలు బేకరీలోంచి ఒకాయన బయటికొచ్చాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, చేతులకి మోచేతులదాకా పిండి. మెట్టు మీద నిలబడి కారుకేసి చూశాడు. ఎండ ముందద్దం మీద పడుతోంది, లోపల ఎవరున్నారో అటునుంచి కనపడదు. చేతులు తుడుచుకుంటూ అలా నిలబడే ఉన్నాడు. ఇటు రాలేదు, లోపలికీ పోలేదు.

"ఆయనా ఎప్పుడూ అంతేనమ్మా," అన్నాడు బడ్డీ అతను మెల్లిగా. "కారు ఉన్నంతసేపూ అక్కడే నిలబడతారు."

ఆవిడ తలుపు తీసి దిగింది. వీధి దాటి మెట్టు ముందుకొచ్చి నిలబడింది. తమ్ముడు ఆవిణ్ణి చూశాడు, పోల్చుకున్నాడు. కానీ చూపు ఆవిడ భుజం మీంచి వెనక్కే, కారు వైపే పోయింది.

"అక్కా," అన్నాడు. "నాన్న ఇవాళ కూడా దిగడా?"

దారంతా భయపడిన వాటిల్లో ఈ ప్రశ్న లేదు. ఆవిడ వాడి పిండి చేతులు రెండూ పట్టుకుంది.

"నాన్న లేడురా. నేను దిగాను."

వాడు కారుకేసి చూస్తూనే ఉన్నాడు. నాన్న కారు తలుపు తీస్తే వెళ్దామని ప్రతిసారీ అనుకునేవాణ్ణని, ఒక్కసారైనా తీస్తాడేమోనని చూసేవాణ్ణని అన్నాడు. ఆవిడ చెయ్యి వదల్లేదు. అన్నేళ్ళలో మొదటిసారి, ఆ కారు ఎదురుగా ఉండగా, తమ్ముడు ఆ మెట్టు దిగాడు.